ఆటపెట్టెకు బొట్టు

మా హాల్లో టీవీ కింద ఒక నల్ల డబ్బా ఉంటది, వీడియో గేములాడేది. అది కంప్యూటరా, కాదా అని మా ఇంట్ల నడిచిన లొల్లి నా కాపురంల ఇంక దేనికీ నడవలేదు. ఇది రాస్తుంటేనే నవ్వి నవ్వి పొట్ట నొస్తున్నది.

మా ఆయన ఫిలింనగర్‌ల సినిమాల ఎడిటింగ్ చేస్తడు. నేను సీరియళ్లకు డైలాగులు రాస్త. నాది రహమత్ నగర్, మా అత్తయ్యది కోస్తా. లెక్కల టీచరుగ రిటైరై మాతోనే ఉంటది. దసరాకు ఆయుధపూజ ఆమె చేతుల మీదనే జరగాలె. నా ల్యాప్‌టాప్, స్కూటరు, మిక్సీ, ఆఖరికి ఆమె పాత జామెట్రీ బాక్సు, అన్నిటికీ బొట్టు పెడతది. నల్ల డబ్బాకు మాత్రం పెట్టది. పైగా పండక్కి వచ్చినోళ్లు చూస్తే బాగుండదని దాన్ని బట్టల చుట్టి అటకెక్కిస్తది.

ఈసారి అది హాల్లోనే ఉండాలని మా ఆయన పట్టు. ఆయుధపూజ నాడు వాళ్ల ఎడిటింగ్ రూముకు సెలవు. రిలీజు రిలీజని ఇంటి మొహం చూడకుండ తిరిగిన మనిషి, దొరికిన ఆ ఒక్క సాయంత్రం దోస్తులను పిలిచి ఫుట్‌బాల్ గేమ్ ఆడాలనుకున్నడు. పాపం, చిన్నపిల్లగాని లెక్క ఎదురుచూసిండు.

"అమ్మా, అది కంప్యూటరే. లోపల ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది. నీ కోడలి ల్యాప్‌టాప్‌లో ఉన్నవే దాన్లోనూ ఉన్నాయి. ఒక బొట్టు పెట్టి హాల్లో ఉంచు," అన్నడు.

అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. తల కూడ ఎత్తలేదు. "గారెలోనూ మినుములే, సున్నుండలోనూ మినుములే. సున్నుండని అల్లప్పచ్చడిలో ముంచుకుని తింటావట్రా? ఆడుకునేదానికి బొట్టేంటి? రేపు క్యారమ్ బోర్డుకీ పెట్టమంటావు."

"మరి ఏం చేస్తే ఒప్పుకుంటావు?"

"దాని మీద ఒక్క పని చేసి చూపించు. ఒప్పుకుంటా."

దేవుడు ఎవరి దిక్కున్నడో తెల్వదు గని, పూజకు ముందు రోజే నా ల్యాప్‌టాప్ చచ్చింది. రిపేరు షాపతను పండగైనంకనే అన్నడు. నేనేమో సాయంత్రానికల్లా సీన్ పంపాలె. ఫోన్ల కొట్టేంత చిన్న సీన్ కాదు. నేను నెత్తి పట్టుకొని కూసుంటే మా ఆయన మొహం వెలిగిపోయింది. పెండ్లాం పని ఆగితే గంత సంబరమేందని కోపమొచ్చింది నాకు.

ఎక్కడిదో కీబోర్డు తెచ్చి డబ్బాకు గుచ్చిండు. టీవీ మీద ఇంటర్నెట్ తెరిచి, తెలుగుల రాసే పేజీ పెట్టి, "కానియ్యి," అన్నడు. సోఫాల కాళ్లు ముడుచుకొని కొట్టుడు మొదలుపెట్టిన. అక్షరాలు ఒక్కొక్కటి వంకాయంత.

ఆ రోజు సీన్ అత్తాకోడళ్లది. కూరల ఉప్పు తక్కువైతే ఆ అత్త నేరుగ అనదు. అందరి ముందర "ఉప్పు తగ్గిస్తే ఆరోగ్యమే కదమ్మా" అంటది. పోయిన ఆదివారం మా ఇంట్ల అన్న మాటే. వంకాయలంత అక్షరాలల్ల అది టీవీ నిండ పడ్డది. పక్కనే కూసున్న అత్తయ్య కండ్లద్దాలు సర్దుకున్నది.

"ఈవిడెవరో నాకు బాగా తెలిసినావిడలా ఉందే, అమ్మాయ్."

"కల్పితం అత్తయ్యా." గబగబ కింది లైను కొట్టుడు మొదలుపెట్టిన.

"కల్పితమైతే మాత్రం సరిగ్గా రాయొద్దూ? ఆ అత్త అంతటితో ఊరుకోదు. మజ్జిగలోకి ఉప్పడిగి, ఆ ఉప్పు కూరలో కలుపుకుంటుంది, కోడలు చూసేట్టు."

నా మొత్తం సీన్ల గంత మంచి ముక్క లేదు. సిగ్గు లేకుండ అట్లనే రాసి పంపిన. గంటకే ఆఫీసు నుంచి "అదిరింది" అని మెసేజ్ వచ్చింది. అత్తయ్య కొంగుకు చేతులు తుడుచుకొని, "సరే, పని చేసింది. కంప్యూటరే," అని తీర్పు చెప్పింది. మా ఆయన హాల్ల తీన్‌మార్ ఎగిరిండు. నేను కూడ రెండడుగులు వేసిన.

తెల్లారి పూజల డబ్బాకు పసుపు, కుంకుమ, బంతిపూలు. ఆటాడే రిమోట్లకు కూడ చెరొక బొట్టు. మా ఆయన ఫోటో తీసి దోస్తులందరికీ పంపుకున్నడు.

సాయంత్రం ముగ్గురు దోస్తులు మిర్చిబజ్జీల పొట్లాలతోని దిగిండ్రు. మా ఆయన రిమోటు దిక్కు చెయ్యి చాపిండు.

"ఆగరా. పూజలో ఉంది," అన్నది అత్తయ్య.

"పూజ పొద్దున్నే అయిపోయిందిగా అమ్మా."

"పూజలో పెట్టిన పనిముట్టుని రేపు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. మీ ఆఫీసుకి ఇవాళ సెలవెందుకిచ్చారు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. పొద్దున ఎడిటింగ్ రూముల సిస్టమ్‌లకు బొట్లు పెట్టి, తలుపులేసి వచ్చినోళ్లే వాళ్లంత. అండ్ల ఒకాయన మెల్లగ, "అమ్మ చెప్పేది కరెక్టే అన్నా," అన్నడు.

ఇన్నేండ్లు వాదించిన మా ఆయన తల్లి ముందర చేతులు కట్టుకొని నిలబడ్డడు. గొంతు తగ్గించి, "అమ్మా, అది కంప్యూటర్ కాదు. ఉత్త ఆటబొమ్మ," అన్నడు.

నేను నవ్వాపుకోలేక వంటింట్లకు ఉరికిన. తిరిగొచ్చేసరికి అత్తయ్య మంచం కింద నుంచి క్యారమ్ బోర్డు బయటికి లాగుతున్నది. కొంగుతోని దుమ్ము తుడిచి, హాల్ నడుమ పెట్టి, అందరికంటే ముందు తానే కూసున్నది.

"దీనికి నేను బొట్టు పెట్టలేదు. రండి," అని స్ట్రైకర్ తన ముందరనే పెట్టుకున్నది.