నాలుగు కన్నాల బేరం

నిరుడు బాల్కనీలో దండేనికని కొన్న ఇనప బ్రాకెట్టు, ఒక్క వానాకాలం గడిచిందో లేదో, మూలన ఎర్రటి చార కార్చింది. విశాఖపట్నంలో ఇనుము తుప్పు పట్టడం వింత కాదు గాని, దాన్ని పట్టుకెళ్లి అడిగితే కొట్టాయన నవ్వి, కన్నాలుంటే ఎవరూ కొనడం లేదండీ, అందుకే అన్నివైపులా మూసేసి చేస్తున్నారు, అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, పాతికేళ్ల కిందటి నా మీద.

మాది కొట్టు పెట్టుకుని బతికిన కుటుంబం. నాన్న మేకులూ బోల్టులూ అమ్మేవారు. ఎవరేం చెప్పినా సగం దగ్గర మొదలెట్టి మధ్యలో కలవడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. బస్సు కండక్టరుతో కూడా బేరమాడి తిట్లు తిన్నవాణ్ణి. అలాంటి నేను కొట్లో కూర్చోనని మొండికేసి, కూర్మన్నపాలెం దాటాక ఒక చిన్న షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ ఇనప సామాన్లను తుప్పు పట్టకుండా కరిగిన జింకులో ముంచి పూత వేసేవారు. ఆరు నెలల్లో సొంతంగా ఒక్క ఆర్డరు తేకపోతే తిరిగొచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని నాన్న షరతు.

ఐదో నెల చివర దొరికింది ఆ ఆర్డరు: చేపల జెట్టీ మీద దీపాలు బిగించే బ్రాకెట్లు. తిన్నని గొట్టాలైతే కళ్లు మూసుకుని ముంచేవాళ్లం గాని, ఇవి రెండేసి వంకర చేతులతో, లోపల బోలుగా, చివరలు మూసేసి ఉన్నాయి. మా మేస్త్రి, జింకు పొగలో తల నెరిసిన మనిషి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కోదానికి నాలుగు కన్నాలు పడాలన్నాడు, ఒక్కో చేతికి పైనొకటి, కిందొకటి. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కంట్రాక్టరుగారు కన్నం మాట వినగానే కుర్చీలోంచి లేచారు.

"పూత వెయ్యమని ఇస్తే చిల్లులు పొడుస్తానంటారేంటండీ? మీరు కాకపోతే ఇంకో షెడ్డు లేదేంటండీ ఊళ్లో?"

నాలుగుకీ సున్నాకీ మధ్య రెండు. ఆ క్షణంలో అంతకంటే గొప్ప సత్యం నాకు కనబడలేదు. చేతికొకటి చొప్పున రెండింటికి ఆయన్ని ఒప్పించి, గెలిచిన మొహంతో వచ్చి చెబితే మేస్త్రి నన్ను తేరిపార చూశాడు.

"ఏటి బాబూ, వంకాయలనుకున్నావేటి తగ్గించి అడగడానికి? నాను నాలుగంటే నాలుగే."

అతను పద్మనాభంలో పెళ్లికి వెళ్లిన రోజు చూసి, రెండు కన్నాలతోనే మొదటి విడత ముంచించాను. లోపలి గాలి బయటికి రాలేదు, జింకు లోపలికి పోలేదు. కడిగాక లోపల మిగిలిన తడి ఆ వేడికి ఆవిరై, ఒక బ్రాకెట్టు తొట్టెలోనే పేలింది. కరిగిన జింకు ఎగిరి కప్పు రేకుకి అంటుకుంది. పనివాళ్లు దూరంగా ఉండబట్టి సరిపోయింది గాని, లేకుంటే నా బేరానికి ఎవరి కళ్లు పోయేవో. మిగతావి మూలల్లో ముద్దలు కట్టి, లోపల పూత అంటక నల్లగా తేలాయి.

మర్నాడు మేస్త్రి ముందు కప్పుకేసి చూశాడు, తర్వాత నాకేసి.

"నువ్వు బేరమాడింది నాతోటి కాదు బాబూ, గాలితోటి. అదేటి తగ్గుతాదా?"

తిట్టినా బాగుండేది. ఆ పేలిన బ్రాకెట్టు తీసుకెళ్లి కంట్రాక్టరుగారి బల్ల మీద పెట్టి, పుట్టాక మొదటిసారి ఒకే మాట చెప్పాను, నాలుగు అని. ఆయన చీలిన అంచుని చాలాసేపు తడిమి, కానివ్వండీ, అన్నారు. మేస్త్రి పాత పూత యాసిడ్‌లో వదిలించి, కన్నాలు పొడిపించి, అన్నిటినీ తీగతో ఏటవాలుగా కట్టించాడు, కన్నమున్న మూల అట్టడుగున ఉండేలా. నాకు విసుగు పుట్టేంత నెమ్మదిగా పైకి లాగిస్తుంటే, జింకు ఆ మూలనుంచి చుక్క చుక్కగా జారిపోయింది. ముద్ద లేదు, మరక లేదు. ఆర్డరు నిలిచింది, గల్లాపెట్టె తప్పింది.

మేస్త్రి పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడు కన్నాలొద్దంటే సరే, ముంచడం మానేసి పైపైన పూసేస్తారు; పూత పల్చగా చాలంటే సరే. అడగడమే ఆలస్యం, అందరూ దిగొస్తారు. బతుకంతా అవతలివాణ్ణి తగ్గించడంలోనే గడిపిన నేను, ఈ వయసులో, తుప్పు బ్రాకెట్టు సంచిలో వేసుకుని తగ్గనివాడి కోసం కొట్లన్నీ తిరుగుతున్నాను.