మంచం కింద పొయ్యి

సర్వేకి వచ్చినాయన గుమ్మంలో నిలబడి, మా పేర్లయినా అడగకుండా, "ఎన్ని పొయ్యిలున్నయమ్మా మీ ఇంట్ల?" అన్నాడు. ఆయన కాగితంలోంచి తలెత్తేలోగా మా అత్త నా గ్యాస్ పొయ్యిని కాలితో మంచం కిందికి తోసేసింది.

"ఒకటే నాయనా. ఇద్దరు కొడుకులు నాకు. వేరుపడిన కొంప కాదు మాది," అంది అత్త, తల ఎత్తుకొని.

ఆయన రాసుకున్నాడు. నేను కాదనవలసింది. మా ఇంటి పక్కనే యూనివర్సిటీ క్యాంపస్‌లో డిగ్రీ చదివినదాన్ని. పరాయి మనిషి ముందు అత్త మాట తీసెయ్యడానికి నోరు రాలేదు.

యూనివర్సిటీ గోడ వెనక, తార్నాక వైపు మురుగు నాలా ఒడ్డున మావి రెండు రేకుల గదులు. మా మామ కర్నూలు నుంచి హాస్టల్ మెస్‌లో వంటకి వచ్చి వేసుకున్నవి. ఆయన పోయాక ఒక గదిలో అత్త, బావగారు, తోడికోడలు, వాళ్ల పిల్లలు. రెండో గదిలో మేం నలుగురం. నాలుగేళ్లుగా నా వంట వేరే. ఆ సంగతి బయటికి పొక్కకూడదని అత్త పంతం. చుట్టాలొస్తే నా పొయ్యి మంచం కిందికి పోయేది. అందరం ఆమె గదిలో వరసగా కూర్చొని తినేవాళ్లం.

నెల తర్వాత జాబితా అతికించారు. నాలా ఒడ్డు ఖాళీ చేయిస్తారట. విడిగా వండుకునే ప్రతి కుటుంబానికీ ఊరవతల ఒక డబుల్ బెడ్రూం ఇల్లు. మా రెండు గదులకీ కలిపి ఒక్క ఇల్లే వచ్చింది, అత్త పేరున.

ఆఫీసుకి పరిగెత్తాను. గుమాస్తా కాగితం తిప్పి చూపించాడు. "మీ అత్తనే చెప్పింది గదమ్మా, గీడ రాసి ఉన్నది. ఇల్లిస్తమనంగనే పొయ్యిలు పిల్లల్ని పెడ్తున్నయా?"

వరసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. నేను కదలలేదు. నా పొయ్యి ఫొటో ఫోన్లో చూపించాను.

"నిన్న కొనుక్కొస్తే నాకేం ఎరుక? రేపు పొద్దున సార్ మళ్ల వస్తడు. పెద్దోళ్లని అడగడు, పిల్లలనే అడుగుతడు, అన్నం ఎవరు పెడ్తరని. పిల్లలు అబద్ధం చెప్పరు."

ఇంటికొచ్చి అత్త ముందు కూర్చున్నాను. "అత్తా, రేపు సార్ అడగకపోయినా నువ్వే ఒక్క మాట చెప్పు. మా వంట వేరే అని."

"సచ్చినా చెప్పను. నా కొడుకులు వేరుపడినారని నా నోటితోనే చెప్పాల్నా? మీ మామ ఉంటే ఈ మాట అడుగుతాంటివా?"

తోడికోడలు బియ్యం చెరుగుతూ అంది: "ఈ ఇంటిదాన్ని కాదని నువ్వే ఆఫీసుకి పోయి చెప్పొచ్చినావు. ఇంగ ఆ కొత్తింట్లో నీకు చోటు ఎందుకు? చదువుకున్నదానివి, యాడన్నా బతుకుతావులే."

"నా పిల్లలో అక్కా?"

"నీ పిల్లలు నీతోనే."

అత్త వైపు చూశాను. ఆమె తల ఎత్తకుండా వత్తులు చేసుకుంటోంది. మా ఆయన చెప్పులేసుకొని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయన మెస్ జీతానికి తార్నాకలో గాని, హబ్సిగూడలో గాని గది దొరకదు. వారంలో జేసీబీ వస్తుందని అందరూ అంటున్నారు.

నా వంట వేరే, అది నిజం. కానీ సాయంత్రం నేను జిరాక్స్ షాపులో పని ముగించుకొని వచ్చేసరికి నా పిల్లలకి వాళ్ల జేజి, మా అత్తే, అన్నం కలిపి ముద్దలు పెడుతుంటుంది. అదీ నిజమే.

మర్నాడు పొద్దున పాపకి జడ వేస్తూ, బాబుని దగ్గరికి పిలిచాను. "సార్ వచ్చి జేజి అన్నం పెడుతుందా అని అడిగితే, పెట్టదని చెప్పండి."

పాప వెనక్కి తిరిగింది. "నిన్న పెరుగన్నం పెట్టింది కదమ్మా? మామిడికాయ ముక్క కూడా ఇచ్చింది."

రేకు గోడ అవతల అత్త గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"పెట్టలేదు," అన్నాను. అవతలికి వినపడాలనే గట్టిగా అన్నాను. "జేజి మీకు ఎప్పుడూ పెట్టలేదు. ఆకలేసి పోతే తలుపేసుకుంటుందని చెప్పండి. ఏదీ, ఇద్దరూ ఒకసారి చెప్పండి."