తీగ సాగని గంబో

2022 మార్చి మొదటి సోమవారం నన్ను సాస్ సెక్షన్‌కు, అంటే పులుసులూ గ్రేవీలూ వండే చోటికి, మార్చారు. మెల్‌బోర్న్ పడమటి వైపున, అమెరికాలోని లూసియానా రాష్ట్రపు వంటలు మాత్రమే వండే ఒక రెస్టారెంటులో అప్పటికి ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. వంటగదిలో మెట్లు ఇలా ఉంటాయి: అందరికన్నా కింద కమీ, అంటే ఇంకా నేర్చుకుంటున్న మనిషి; ఆ పైన డెమీ షెఫ్, అంటే ఒక సెక్షన్‌లో రెండో మనిషి; ఆ పైన సెక్షన్ పెద్ద; తర్వాత సూ షెఫ్; అందరి మీదా హెడ్ షెఫ్. నేను ఆ రోజు కమీ నుంచి డెమీ అయ్యాను. మామూలుగా ఇంకో రెండేళ్లకు రావలసిన మెట్టు అది. ఆ ఏడాది ఊళ్లో వంటవాళ్లు దొరక్క ముందే వచ్చింది.

ఇప్పుడు నేను ఆ పనిలో లేను. పెద్ద గిన్నెలు కలిపి కలిపి కుడి మణికట్టు మొరాయించింది. ఒక ట్రైనింగ్ కాలేజీలో వంట విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ముప్పై ఒకటో ఏట రిటైరయిన మనిషినని ఇంట్లో నవ్వుతారు. మేముండే టార్నీట్‌లో ఎవరి పుట్టినరోజుకు వెళ్లినా మాత్రం, ఆ లూసియానా వంటల్లో ఏవి బాగుంటాయి, ఎక్కడ తినాలి అని ఎవరో ఒకరు అడుగుతారు. నలుగురిలో అంతసేపు మాట్లాడటం నాకు చేతకాదు కాబట్టి రాసి పెడుతున్నాను.

కేజన్ అంటే అక్కడి పల్లెల వంట, క్రియోల్ అంటే న్యూ ఆర్లీన్స్ నగరపు వంట. నగరంవాళ్లు టమాటా ధారాళంగా వేస్తారు, పల్లెవాళ్లు చాలావరకు వేయరు. అందుకే ఒకటి ఎరుపు, ఒకటి గోధుమరంగు. రెండింటికీ మొదలు మాత్రం ఒకటే: ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ అనే ఆకుకూర కాడలు. అన్నం, కోడి, సాసేజ్ ఒకే గిన్నెలో ఉడికే జాంబలాయాను రెస్టారెంటులో తినవద్దంటాను. మీ ముందుకు వచ్చేసరికి అది రెండోసారి వేడిచేసిన అన్నం. ఫుట్‌బాల్ క్లబ్బు విరాళాల కోసమో, ఆదివారం మార్కెట్లోనో ఆరుబయట పెద్ద మూకుడు పెట్టి వండుతున్నవాళ్లు కనబడితే అక్కడ తినండి. అడుగంటిన చోటి నుంచి అడిగి మరీ పెట్టించుకోండి.

ఎటూఫే మాత్రం రెస్టారెంటులోనే తినాలి. ఆ ఫ్రెంచి మాటకు ఊపిరాడకుండా చేసినది అని అర్థం చెబుతారు. మనకు అంతకన్నా మంచి మాట ఉంది, మగ్గబెట్టినది. లూసియానాలో క్రాఫిష్‌తో చేస్తారు, ఇక్కడ యాబీలతో. రొయ్యకూ పీతకూ మధ్యగా ఉండే ఈ యాబీలు ఈ దేశపు చెరువుల్లో దొరుకుతాయి. ఈ రోజు ఒలిచినవేనా అని సర్వర్‌ను అడగండి. వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తే కూర్చోండి. నిలబడ్డచోటే అవునంటే లేచి రండి. రెడ్ బీన్స్, అంటే మన రాజ్మా, సోమవారం వండటం అక్కడి ఆచారం. సోమవారం తప్పకుండా వండే చోట మిగతా వంటలనూ నమ్మవచ్చు.

ఇక గంబో. అన్నంతో కలిపి వడ్డించే చిక్కటి పులుసు లాంటిది. ఆ చిక్కదనం మూడు దారుల్లో వస్తుంది: నూనెలో పిండిని ఎర్రగా వేయించిన రూ, చివర్లో చల్లే ఒక ఆకుపొడి, లేదా బెండకాయ. మా హెడ్ షెఫ్ వెర్నా లూసియానాలో పుట్టి, ఇక్కడి మనిషిని పెళ్లిచేసుకుని వచ్చినావిడ. అరవై ఏళ్లుంటాయి. ఆమె రొయ్యల గంబో పుట్టింటి పద్ధతి. రూ పేరుకే ఉంటుంది, చిక్కదనమంతా బెండకాయదే. బెండకాయను ముందే వేయించి వేసేవాళ్లు అక్కడా ఉన్నారట. వెర్నా ఇంట్లో పచ్చిదే వేసి, రెండు గంటలు ఉడికించి కరగనిస్తారు.

సాస్ సెక్షన్ పెద్ద డేమియన్. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీ మనిషి, నలభైకి దగ్గర పడ్డాడు. మార్చి నెలాఖరుకు సూ షెఫ్ పోస్టు ఖాళీ అవుతోంది, దానికి పేరిచ్చాడు. ఈ నాలుగు వారాల పని చూసి చెబుతానని వెర్నా అన్నారు. అంతకుముందు రెండుసార్లు ఆ పోస్టు బయటివాళ్లకు పోయింది. మూడోసారీ పోతే ఈ వంటగదిలో ఉండనని అందరితోనూ చెప్పేశాడు. నన్ను సన్నీ అనేవాడు. సునంద అనడానికి అతని నాలుక తిరిగేది కాదు, తిప్పే ప్రయత్నమూ చేసేవాడు కాదు.

ప్రతి పెద్ద గిన్నెకూ ఒక బ్యాచ్ షీట్ ఉంటుంది. ఏది ఎంత బరువు, ఎంతసేపు ఉడికింది, ఎంత వేడిలో దించారు అన్నీ అందులో రాయాలి. ఒక్కో సరుకు సిద్ధం చేసినవాళ్లు ఆ వరుసలో టిక్ పెడతారు, కింద సెక్షన్ పెద్ద సంతకం పెడతాడు. గిన్నెలో ఏ తేడా వచ్చినా సంతకం ఉన్న మనిషే జవాబుదారీ. బెండకాయ నా వంతు. షీట్‌లో ఆ వరుస ఇలా ఉండేది: బెండకాయ, పచ్చిది, అంగుళం ముక్కలు.

మాది తెనాలి. మా ఇంట్లో బెండకాయ కూర తీగలు సాగిందంటే కోసిన మనిషికి వంట రాదని లెక్క. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, తడి లేని కత్తితో కోసి, మూత పెట్టకుండా వేయించాలి. ఉప్పు చివర వేయాలి. ఇదంతా జిగురు పోవడానికే. మొదటి రోజు ఎనిమిది కిలోల పెట్టె నా ముందు పెట్టగానే నా చేతులు ఆ పనే చేశాయి. ముక్కలను ట్రేల్లో పరిచి రెండు వందల డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు ఉంచాను. జిగురంతా పోయింది. షీట్ ప్రకారం కొలిచిన టమాటాతో కలిపి డబ్బాలో పెట్టి మూత వేశాను, కాబట్టి చూడగానే ఎవరికీ తెలియదు. పచ్చిది అన్న వరుసలో టిక్ పెట్టాను. పెట్టడానికి వేరే గడి లేదు. ఇలా మూడు వారాలు చేశాను. దాచాలని కాదు. పని ఒక మెట్టు బాగా చేస్తున్నానని అనుకున్నాను.

ఆ మూడు వారాలూ గంబో పలుచగానే వచ్చింది. డేమియన్ ఒకసారి రూ పెంచాడు. పిండి రుచి వస్తోందని వెర్నా పారబోయించారు. నాలుగో వారం బుధవారం మూడున్నరకు, వెనక సరుకు దించే డాక్ దగ్గర పాల క్రేట్ల మీద కూర్చుని స్టాఫ్ భోజనం తింటుండగా రజిత వచ్చింది. మా డైనింగ్ హాల్ సూపర్‌వైజర్, కరీంనగర్ అమ్మాయి.

“ఏందే సునందా, మీ సెక్షన్‌లో ఏం నడుస్తుంది? టేబుల్ ట్వెల్వ్ అంకుల్ గంబో జూసి, చారు బానే ఉందమ్మా, మెయిన్ కోర్స్ ఎప్పుడొస్తది అంటుండు.”

“నిజంగానా?”

“నిజం గాకపోతే! జాంబలాయానేమో టమాటా బిర్యానీ అన్నడు, రైతా ఏదన్నడు. దాన్నంటే నేను మేనేజ్ చేసిన. చారుకు ఏం జెప్పాలె?”

ఆ మాట వెర్నా దాకా వెళ్లింది. ఆమె వచ్చి గరిటె గంబోలో ముంచి తీసి, దాని వీపు మీద వేలితో గీత గీశారు. గంబో సరిగ్గా ఉంటే ఆ గీత అలాగే నిలవాలి. నిలవలేదు.

“ఇది గంబో కాదు డేమియన్, వాన. రెండు గంటలు ఉడకాల్సినదాన్ని నువ్వు తొందరపడి దించుతున్నావు.”

“రెండు గంటలూ ఉడికింది షెఫ్,” అన్నాడు డేమియన్.

ఆమె నమ్మలేదు. అతన్ని అప్పటికప్పుడు ఫ్రయర్ దగ్గరికి పంపారు. అది నూనెలో వేపుళ్లు చేసే చోటు, కమీలు నిలబడేది. సూ షెఫ్ సంగతి శనివారం తేలుస్తానన్నారు. అతను చెప్పింది నిజమని నాకు తెలుసు, గడియారం చూస్తూ పక్కనే ఉన్నాను. గంబో ఎందుకు పలుచబడుతోందో మాత్రం అప్పటికి నాకూ తెలియదు.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి వెర్నా తానే బెండకాయలు కోస్తున్నారు. ఒక కాయను రెండుగా విరిచి ముక్కలను మెల్లగా దూరం చేశారు. మధ్యలో తీగ సాగింది.

“చూశావా? గిన్నెకు బలం ఇదే. ఆఫ్రికా నుంచి మా పూర్వీకులతో వచ్చిన మాట గంబో. గంబో అంటే బెండకాయే.”

నాకు విషయం అక్కడికక్కడే అర్థమైంది. ఏ వంటకానికి దేని పేరు పెట్టారో దాన్నే మూడు వారాలుగా నేను ఓవెన్‌లో ఎండగట్టి ఇస్తున్నాను. చెప్పవలసిన క్షణం అదే. నేను సెలరీ తరుగుతూ ఉండిపోయాను. పన్నెండింటికి వెర్నా గంబో దించి గరిటె మీద గీత గీశారు. గీత నిలిచింది. “టైమ్ ఇస్తే చాలు, వస్తుంది,” అని వంటగది మొత్తానికి వినబడేలా అన్నారు. ఫ్రయర్ దగ్గర డేమియన్ తల ఎత్తలేదు. నేను నోరు విప్పకపోవడంతో అతని మీద పడ్డ నింద రుజువైపోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర రజితకు చెప్పాను. ఆమె తినడం ఆపేసింది.

“షెఫ్‌కు చెప్పినవా?”

“లేదు. అందరి ముందు నోరు రావట్లేదు.”

“ఇంకెప్పుడు చెప్తవ్ తల్లీ, సాటర్‌డే ఆయన ఇంటికి వోయినంక ఫేర్‌వెల్ కార్డ్‌ల రాస్తవా?”

“నేను మొదలుపెట్టేలోపే వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతారే.”

“నోరు రాకుంటే చేతులున్నయ్ కద. వండి చూపెట్టు. అప్పుడు వాళ్లే అడుగుతరు.”

శుక్రవారం ఉదయం ఏడింటికే వెళ్లాను. రెండు లీటర్ల గిన్నెలు రెండు పెట్టాను. రొయ్య పొట్టు ఉడికించి తీసిన ఒకే స్టాక్, ఒకే రొయ్యలు, ఒకే కొలత రూ, ఒకే మంట, రెండు గంటల సమయం. ఒకదానిలో పచ్చి బెండకాయ, ఒకదానిలో నేను మూడు వారాలుగా ఇస్తున్నది. రెండింటికీ బ్యాచ్ షీట్లు రాశాను. రెండో దాంట్లో పచ్చిది అన్న మాట కొట్టేసి, ఓవెన్‌లో ఇరవై నిమిషాలు అని రాసి పక్కన నా పేరు పెట్టాను. తొమ్మిదిన్నరకు రోజూ బ్రీఫింగ్ ఉంటుంది. వండిన పళ్లేలు హాల్లోకి వెళ్లే పొడవాటి బల్ల ముందు అందరూ నిలబడతారు. ఆ బల్ల మీద రెండు గిన్నెలూ, రెండు గరిటెలూ పెట్టాను.

వెర్నా రెండు గరిటెల మీదా గీతలు గీశారు. ఒక గీత నిలిచింది, ఒకటి కలిసిపోయింది.

“ఇది నిన్న నేను చేసినట్టుంది, ఇది డేమియన్ చేసినట్టుంది. ఎవరు వండారు?”

“రెండూ నేనే షెఫ్.”

“వినబడలేదు.”

వంటగదిలో వినబడని జవాబు జవాబు కాదు. ఈసారి గట్టిగా చెప్పాను. “రెండూ నేనే షెఫ్. తేడా బెండకాయ ఒక్కటే. మూడు వారాలూ డేమియన్‌కు నేను ఇచ్చింది ఓవెన్‌లో పెట్టినది. పచ్చిదని టిక్ పెట్టింది కూడా నేనే. అతను ప్రతిసారీ రెండు గంటలు ఉడికించాడు.”

ఎందుకని అడిగారు. జిగురు పోవాలని అన్నాను. మా ఇళ్లలో అది ఉంటే తప్పని చెప్పాను.

“సన్నీ!” అన్నాడు డేమియన్. “చిక్కబడుతుందేమోనని మూడు వారాలు ఆ గిన్నెను కాంక్రీట్ మిక్సర్‌లా తిప్పాను. మా ఆవిడ రోజూ నా భుజానికి మందు రాస్తోంది, తెలుసా?”

వెనక ఎవరో నవ్వారు. వెర్నా నవ్వలేదు. అతని వైపు తిరిగారు.

“సంతకం పెట్టే ముందు ఆ డబ్బాలో ఏముందో చూశావా?”

“మూత తీసి గిన్నెలో వంపాను షెఫ్.”

“చూశావా అని అడిగాను.”

“లేదు షెఫ్.”

ఆ గంటలోనే డేమియన్ గంబో దగ్గరికి తిరిగి వచ్చాడు. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. కారణం దగ్గర బెండకాయ పేరు లేదు, అబద్ధపు టిక్ అని ఉంది. చదివి సంతకం పెట్టాను. శనివారం సూ షెఫ్ పోస్టు డేమియన్‌కే వచ్చింది, మూడు నెలల ప్రొబేషన్ మీద. చూడకుండా సంతకం పెట్టినందుకు ఆ ప్రొబేషన్ అని వెర్నా అతనికి చెప్పి మరీ ఇచ్చారు. సోమవారం నుంచి, సూ షెఫ్ అయ్యాక కూడా, అతనే నా డబ్బాలన్నీ తెరిచి, వేలితో కెలికి, వాసన చూసి, అప్పుడు సంతకం పెట్టేవాడు. ఒక్కసారి కూడా నాకు చిన్నతనం అనిపించలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆ గంబో నేనే వండాను. ఒక్క గిన్నె కూడా వెనక్కి రాలేదు.

కాలేజీలో కొత్త బ్యాచ్‌కు ఈ సంగతి మొదటి వారంలోనే చెబుతాను. వంట వచ్చిన చేతులతోనే ఈ తప్పు జరుగుతుంది, రాని చేతులతో జరగదు. ఒక ఇంటి కూరలో లోపమైనది ఇంకో ఇంటి గిన్నెకు ఆధారం కావచ్చు, కాబట్టి తీసేసే ముందు అడగాలి. అడక్కుండా తీసేసినవాళ్లు, సంగతి తెలిసిన నిమిషంలోనే చెప్పాలి. నేను ఒక రోజు ఆలస్యంగా చెప్పాను. ఆ రోజంతా డేమియన్ ఫ్రయర్ దగ్గర నిలబడ్డాడు.