పన్నెండు గ్లాసుల మంచినీళ్లు

అత్తగారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరి బట్టలు చూసినా అదిరిపడటం. మామూలుగా కాదు. గుండె మీద చెయ్యి వేసుకుని, మనిషిని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మాయ్, మంచినీళ్లు" అనేవారు. రోజుకు ఎన్ని గ్లాసులో కోడలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

కోడలిది ఫ్యాషన్ బట్టల షాపు. అది ఉన్న వీధికి ఈ చివర గుడి, ఆ చివర మసీదు, మధ్యలో చర్చి. మూడు గేట్ల దగ్గరా బట్టలు చూసి లోపలికి పంపే కాపలా. ఆ మూడూ చాలవన్నట్టు షాపు గుమ్మంలో అత్తగారి కుర్చీ. కుట్టిన గౌన్లకు కింది అంచులు మడవడం, బొత్తాలు పెట్టడం ఆవిడ పని. మిగతా టైమంతా అదిరిపడటమే.

ఒకసారి మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సుతో ఒక కుర్రాడు వచ్చాడు.

"కుక్క తరిమిందా నాయనా?"

"లేదు మామ్మా, కొన్నప్పుడే ఇలా ఉంది."

"మరి షాపువాడికి చూపించలేదూ? అమ్మాయ్, మంచినీళ్లు."

భక్తులనూ వదిలేవారు కాదు. అంగీ నేలమీద ఈడ్చుకుంటూ వెళ్తున్న స్వామీజీని ఆపి, "మీరు ఇటు వస్తే ఇక వీధి ఊడ్చేవాళ్లతో పనేముంది స్వామీ" అన్నారు. నిలువెల్లా నల్లటి ముసుగు వేసుకున్న ఒకావిడ అడుగు వేస్తే కింద బూట్లలో ఎర్రలైట్లు వెలిగాయి. ఆ రోజు రెండు గ్లాసులు పట్టాయి.

నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు. కొనేవాళ్లు మాత్రం గుమ్మంలోనే వెనక్కి తిరిగారు. ఈ నెలాఖరుకి షాపు మూసేద్దామని కోడలు మనసులో అనుకుంటుండగా అమ్మాయిల పాటల బృందం నుంచి ఆర్డరు వచ్చింది. మోకాళ్ల దాకా ఉండే గౌన్లు, పన్నెండు. ఇది బాగుంటే షాపు నిలుస్తుంది. కోడలు కొలతలు తీసుకుంటుంటే అత్తగారు ఒక్కో అమ్మాయినీ చూసి విడివిడిగా అదిరిపడ్డారు. పన్నెండు గ్లాసులు. అందిస్తూ కోడలు పళ్లు నూరింది.

గౌన్లు తీసుకెళ్లిన మర్నాడే బృందం లీడరు షాపుకి వచ్చింది. ఒంటి మీద అదే గౌను. కాకపోతే చీలమండల దాకా ఉంది.

కోడలు చేతిలో గుడ్డ పక్కన పడేసి దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఇందులో ఇంకో గౌను ఉందని చెప్పలేదేం?" అంటూ ఆ అమ్మాయి అంచు తిప్పి చూపించింది. లోపల పల్చటి గుడ్డ మడత, చుట్టూ ప్రెస్ బటన్లు. "నిన్న ఈ వీధిలో గుడి, చర్చి, మసీదు మూడు చోట్లా పాడాలి. మొదటి గేటు దగ్గరే ఆపేశారు. మా చిన్నది ఏడుస్తూ అంచు పట్టి లాగింది. బటన్లు టపటపా ఊడి లోపలి మడత కిందికి జారింది. కాపలావాడు నోరు తెరిచాడు. అందరం లాగేశాం. మూడు చోట్లా పాడాం."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "నేను మోకాలి దాకానే కదా కొలిచాను. అందరికీ మడమ దాకా ఎలా కుదిరింది?"

"నేను చూడలేదేమిటే, తల నుంచి పాదాల దాకా? కళ్లతో కొలిచింది మర్చిపోకముందే మనసులో రాసుకోవాలా, వద్దా? నువ్వు మంచినీళ్లు తెచ్చే లోపు ఆ పనే."

"అంటే ఇన్నాళ్లూ అదిరిపడటం ఉత్తిదేనా?"

"ఉత్తిదెందుకవుతుంది? నిజంగానే అదిరిపడ్డాను. అయితే మాత్రం? అంత దూరం వచ్చిన పిల్లల్ని గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపిస్తారా? ఆ మొహాలు రోజూ ఈ కుర్చీలోంచి చూసేది నేను."

"మా పక్క కాలేజీ వాళ్లకి ఇరవై కావాలట," అంది లీడరు. "ఇలా మడత ఉన్నవే."

ఆమె వెనకే ఇంకో అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఆరడుగుల మనిషి, తొడల దాకా నిక్కరు. అత్తగారి చెయ్యి గుండె మీదికి పోయింది.

కోడలు మంచినీళ్ల కోసం లోపలికి నడుస్తూ వెనక్కి తిరిగి మెల్లిగా అంది. "కాస్త నిదానంగా అదిరిపడండి అత్తయ్యా. ఈ అమ్మాయి బాగా పొడుగు."