మూడు చిప్పుల్లో ఒక్క గొంతు

నా కొట్లోని పాత కంప్యూటర్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆవపల్లి సంతలో పులితో బీడీ పంచుకున్నానని చెప్పేది నేనే. అయినా ఇది నమ్మండి.

మా దగ్గర మెమరీ కార్డును చిప్పు అంటారు. మా ఉసూర్ అవతలి కొన్ని అడవి ఊళ్లలో ఫోన్‌కు సిగ్నల్ అందదు. మిర్చి ఏరడానికి తెలంగాణ వెళ్లిన బిడ్డలకు చెప్పాల్సింది ఇంటివాళ్లు ఫోన్‌లో రికార్డు చేసి, సంత రోజు ఆ చిప్పు నాకు ఇస్తారు. నేను అందరి కబుర్లూ ఒకే చిప్పులోకి ఎక్కించి మిర్చి తోటలకు పోయే జీపు డ్రైవర్ చేతికిస్తాను. వాళ్ల చిప్పులు తుడిచి వాపసు ఇవ్వాలి, తరువాతి కబురు పట్టాలి కదా.

మౌస్‌తో అయ్యే పనే. కానీ నేను నల్ల తెర తెరిచి టకటకా కమాండ్లు కొట్టేవాణ్ణి. చుట్టూ జనం మూగితే నాకు అదో మత్తు.

ఒక సంత రోజు ఓ ముసలమ్మ దగ్గుకుంటూ వచ్చింది.

"కొడుకా, పాణం బాగ లేదు, జల్ది రమ్మని బిడ్డకు చెప్పిన. పోతదా?"

"గాలికన్న ముందు పోతది అవ్వా."

అదే ఊరి నుంచి ఇంకో రెండు చిప్పులు వచ్చాయి. మూడు ఫోన్లూ ఒకే రకం. మొదటి రికార్డింగుకు మూడూ ఒకే పేరు పెట్టాయి. ఒకదాని వెంట ఒకటి ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. ఒక చోట ఒక పేరుతో ఒక్క ఫైలే ఉంటుంది. వెనక వచ్చింది ముందున్నదాన్ని చెరిపేసింది. కంప్యూటర్ ఒక్క మాట అడగలేదు. నేను మూడు చిప్పులూ తుడిచేశాను.

తోటలో ఆడపిల్లలకు చేరింది చివరి కబురొక్కటే: పక్కింటి మేక రెండు పిల్లల్ని ఈనిందని. అమ్మ ఏమీ చెప్పి పంపలేదంటే బాగానే ఉందనుకుంది ముసలమ్మ బిడ్డ. చేను ఏరడం పూర్తయ్యాకే వచ్చింది. అప్పటికి తల్లి మట్టిలో ఉంది.

నేరుగా నా కొట్టుకు వచ్చింది.

"అన్నా, అమ్మ నీకే ఇచ్చిందంట. ఆమె మాట ఏది?"

"కంప్యూటర్ తినేసింది చెల్లె. అడగకుంట తినేసింది."

"దానికి ఆకలేంది అన్నా?" నా కళ్లలోకే చూసింది. "పులితోని బీడీ తాగినోనివి, ముసల్దాని మాట ఒక్కటి దాయలేకపోయినవ్?"

చెప్పులు చేత్తో పట్టుకుని ఉసూర్ దారిన నడిచి వెళ్లిపోయింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కంప్యూటర్ అడిగింది. ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీద రాయనా అని రెండుసార్లు అడిగింది. జనం చూస్తున్నారు. చదవకుండా రెండుసార్లూ అవుననే కొట్టాను.