యాభై అయిదు కిలోల్లో ఒక్కరికే చోటు

పోయిన గురువారం మధ్యాహ్నం గవర్నర్‌పేటలోని మా స్టేషనరీ కొట్టు ముందు ఆటోలోంచి నోటు పుస్తకాల కట్టలు దింపిస్తుంటే ఫోనుకి ఒక వీడియో వచ్చింది. పంపింది మా చిన్నాన్న కూతురు. నాకంటే ఏడాది చిన్నది. ఇంట్లో అందరం దాన్ని చిన్నది అనే పిలుస్తాం, నలభై దాటినా ఆ పిలుపు మారలేదు. ఇప్పుడు ఒక ఆడపిల్లల కాలేజీలో పీడీ, అంటే ఆటలు నేర్పే మాస్టారు. దాని కాలేజీ కుస్తీ జట్టు ఇంకో కాలేజీ జట్టుని ఓడించిందట. వీడియోలో మ్యాట్ మీద ఇద్దరు పిల్లలు పట్టు పడుతున్నారు గానీ నా కళ్లు వాళ్ల మీద లేవు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, మోకాలి మీద చేత్తో చరుస్తూ, "ఆగకు, ముందుకెళ్లు, ఇంకా ముందుకెళ్లు" అని గొంతు పోయేలా అరుస్తున్న చిన్నదాని మీదే ఉన్నాయి. నాలుగుసార్లు చూశాను. చప్పట్ల బొమ్మలు మూడు పంపాను. మూడూ అబద్ధమే. మా ఆయన పక్కనుంచి తొంగిచూసి, "మీ చెల్లెలి పిల్లలు గెలిచారంటున్నావు, మరి నీ మొహం ఓడిపోయినట్టుందేంటి?" అన్నారు. ఎండగా ఉందని చెప్పాను.

ఎండ కాదు, కుళ్లు. నలభై మూడేళ్లొచ్చాయి, ఇద్దరు పిల్లలు, మెట్లెక్కితే మోకాళ్ల నొప్పులు. ఈ వయసులో చెల్లెలి మీద కుళ్లుకోవడం మర్యాద కాదని నాకు బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన పోయేదైతే ఎప్పుడో పోయేది. ఇంత గొప్పగా చెప్పుకుంటున్నాను కాబట్టి ఇది ఎక్కడ మొదలైందో కూడా చెప్పేస్తాను.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. డిగ్రీకి బెజవాడ వచ్చి కాలేజీ హాస్టల్లో చేరాను. చేరిన నెలలోనే మా పీడీ గారు గ్రౌండులో వరసగా నిలబెట్టిన ఆడపిల్లలందరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగి, "నువ్వు కుస్తీకి రామ్మా" అన్నారు. నా భుజాలు చూసి అన్నారు. గడ్డిమోపులు మోసి మోసి వెడల్పయిన భుజాలవి. పెళ్లిచూపులప్పుడు పమిట నిండుగా కప్పుకోవాలని మా అమ్మ ముందునుంచే చెప్పిపెట్టిన భుజాలు. వాటిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే, అందుకని వెనకాముందూ చూడకుండా వెళ్లిపోయాను. ఆడిటోరియం వెనక పెద్ద హాల్లో నీలం రెక్సిన్ మ్యాట్ ఉండేది. ఫినాయిలు వాసన, చెమట వాసన, వాటి మీదుగా పక్క క్యాంటీన్ నుంచి మిరపకాయ బజ్జీల వాసన. సాయంత్రం అయిదింటికి ఆ హాల్లో అడుగు పెడితే నాకు ఇంక ఎవరూ గుర్తొచ్చేవారు కాదు. ఆ ఏడాదంతా యాభై అయిదు కిలోల్లో మా కాలేజీకి నేనే.

మరుసటేడు చిన్నది అదే కాలేజీలో చేరింది. నెమ్మదైన పిల్ల. బస్సులో కండక్టర్ని మా స్టాపు వచ్చిందా అని అడగడానికి కూడా నా వైపు చూసేది. హాస్టల్లో మొదటి వారమంతా గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే చూడలేక, నేనే చెయ్యి పట్టుకుని కుస్తీ హాలుకి తీసుకెళ్లాను. నేనే తీసుకెళ్లాను అన్న మాట ఇప్పటికీ నన్ను తినేస్తుంది. ఎలా నిలబడాలో నేనే నేర్పాను. మోకాళ్లు వంచు, మోచేతులు ఒంటికి ఆనించు, తల పైకెత్తు. మూడు నెలలు తిరక్కుండా ఒక సాయంత్రం అది నా రెండు కాళ్లూ ఒడిసిపట్టి నన్ను వెల్లకిలా వేసింది. వేసి, కంగారు పడిపోయి, "అక్కా, తగిలిందా?" అని నా నడుం నిమిరింది. ఆ నిమరడమే నాకు ఎక్కువ మండింది.

దూకుడుగా కుస్తీ పట్టడమంటే చాలామంది కళ్లెర్ర చేసి మీద పడటం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. చిన్నది ఎప్పుడూ కళ్లెర్ర చేయలేదు, ఎవరినీ తోయలేదు. దాని చేతులు మాత్రం ఊరికే ఉండేవి కావు. ఎదుటి పిల్ల మణికట్టో మెడో మోచెయ్యో ఏదో ఒకటి ఎప్పుడూ దాని చేతిలో ఉండేది. పాదం ఎప్పుడూ ముందుకే పడేది. కాలు పట్టబోయి దొరక్కపోతే వెనక్కి రాదు, అక్కణ్ణించే రెండో కాలికి వెళుతుంది, అదీ తప్పితే నడుముకి. ఇద్దరూ గీత దాటి బయట పడితే ముందు లేచి మధ్యకి పరిగెత్తేది అదే. ఎదుటి పిల్ల ఇంకా ఊపిరి పీల్చుకుంటూ ఉండగా ఇది నడుం వంచి సిద్ధంగా ఉండేది. "దూకుడంటే కోపం కాదమ్మా. అవతలి పిల్లకి ఆలోచించుకునే తీరిక ఇవ్వకపోవడం, అంతే" అనేవారు పీడీ గారు దాన్ని మాకు చూపిస్తూ. నాది వేరే పద్ధతి. నేను ఆగేదాన్ని. అవతలివాళ్లు తప్పు చేసేదాకా చూసి అప్పుడు పట్టేదాన్ని. అదే తెలివైన కుస్తీ అని నా నమ్మకం. రిఫరీలకి అలా అనిపించేది కాదు. పట్టు పట్టకుండా తప్పించుకుంటున్నానని హెచ్చరిక వచ్చేది.

ఇంకో సంగతి దాని జుట్టు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దాని మీద కూడా నాకు కుళ్లే. నాది పిలక జడ. దానిది నడుం దాటి కిందికి దిగే ఒత్తయిన జుట్టు. ఆదివారం ఊరికెళితే మా నానమ్మ కుంకుడుకాయలు కొట్టి, గంటసేపు దాని తల రుద్ది, సాంబ్రాణి వేసి, ఆ జుట్టుని వాకిట్లో ఎండబెట్టేది. వచ్చేపోయేవాళ్లందరూ చూడాలని ఆవిడ ఉద్దేశం. ఆడపిల్లలు నేల మీద దొర్లే ఆటేమిటని ముందు గొడవ చేసిన నానమ్మ చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఆ జుట్టు మీద కత్తెర పడకూడదు. పడకుండా చూసే పూచీ నాది. కుస్తీలో పిన్నులు పెట్టకూడదు, ఎవరికైనా గుచ్చుకుంటాయి. అందుకని దాని జుట్టు రెండు పాయలు చేసి, మాడు మీద నుంచే బిగుతుగా రెండు జడలు అల్లి, తల చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసేదాన్ని. అది నాకు తప్ప ఎవరికీ కుదిరేది కాదు. రోజూ సాయంత్రం నా మోకాళ్ల మధ్య నేల మీద కూర్చుని, నన్ను ఎలా పడగొట్టాలో ఆలోచించుకుంటూ, నా చేత జడలు వేయించుకునేది.

ఆ శీతాకాలం బందరు కాలేజీ జట్టుతో పోటీ పెట్టారు. రెండు కాలేజీలే, ఏడు బరువులు, ఒక్కో బరువులో ఒక్కో అమ్మాయి. ఎక్కువ కుస్తీలు గెలిచిన కాలేజీది గెలుపు. యాభై అయిదు కిలోల్లో మేం ఇద్దరం ఉన్నాం, చోటు ఒకటే. పీడీ గారు మా ఇద్దరికీ కుస్తీ పెట్టారు. నేను ఆగాను. అది ఆగలేదు. రెండు నిమిషాలు పట్టలేదు. "నువ్వు కార్నర్లో ఉండమ్మా, దానికి నువ్వుంటే ధైర్యం" అన్నారాయన నాతో. కార్నర్లో ఉండటమంటే నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని మ్యాట్ మూలన కూర్చోవడం. సరే సార్ అన్నాను. ఆ రాత్రి మెస్సులో నాకెంతో ఇష్టమైన గోంగూర పప్పు పెడితే నా వాటా పక్క పిల్లకి తోసేశాను.

పోటీ గుణదల వైపు ఒక హాల్లో, ఆదివారం పొద్దున. బట్టలు మార్చుకునే గదిలో చిన్నది ఎప్పట్లాగే నా మోకాళ్ల మధ్య కూర్చుని తల నాకిచ్చేసింది. మెడ మీద సన్నగా చెమట పట్టి ఉంది. నేను జడలు వదులుగా వేశాను. చేతులు వాటంతటవే అలా చేశాయని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. నేనే వేశాను, తెలిసి వేశాను. మొదటి రెండు అల్లికలూ బిగించి, తర్వాతవి వదిలేశాను. రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పాల్సింది రెండే తిప్పాను. మా కాలేజీ ఓడిపోవాలని కాదు. దాన్ని అందరూ ఒక్కసారి తడబడుతుండగా చూడాలి, పీడీ గారు నా వైపు తిరిగి చూడాలి, అంతే. అద్దంలో చూసుకుని, "బాగుంది అక్కా" అని లేచింది.

చీటీలు తీస్తే యాభై అయిదు కిలోలు ఆఖర్న వచ్చింది. అప్పటికి మూడు మేం గెలిచాం, మూడు వాళ్లు. హాలంతా లేచి నిలబడింది. నేను చేసిన పని చిన్నదాన్ని దాటి కాలేజీ గెలుపోటముల మీదికి పోయిందని అప్పుడు అర్థమైంది. పిలిచి చెబుదామా అనుకున్నాను. ఆగాను. ఆగడం నాకు అలవాటే కదా.

బందరు అమ్మాయి గట్టి పిల్ల, చేపల బుట్టలెత్తిన చేతులని ఎవరో అన్నారు. చిన్నది విజిల్ పడగానే వెళ్లి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి. మొదటి మూడు నిమిషాలు పూర్తయ్యేసరికి మాకు రెండు పాయింట్లు ఎక్కువ. రెండో సగం ఆఖర్లో జడ ఊడింది. ముందు ఒకటి, వెంటనే రెండోది. ఆ జుట్టంతా మొహం మీద పడింది. సగం బందరు అమ్మాయి మోచేతి కింద ఇరుక్కుంది. తల కదపలేక చిన్నది పక్కకి ఒరిగితే అవతలి పిల్ల తిప్పేసింది. మూడు పాయింట్లు పోయాయి. రిఫరీ విజిల్ వేసి, జుట్టు కట్టుకు రమ్మని మా మూల చూపించాడు. ఇంకా నలభై సెకన్ల ఆట ఉంది. ఒక పాయింటు వెనకబడి ఉన్నాం.

చిన్నది నడిచి వచ్చి, నాకు వీపు పెట్టి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అక్కా, గట్టిగా లాగు. నొప్పెట్టినా ఏమీ అనుకోను" అంది, అంతే. పీడీ గారు నెత్తిన నిలబడి త్వరగా త్వరగా అంటున్నారు. నా జన్మలో అంత బిగుతుగా ఎవరికీ జడ వేయలేదు. దాని కనుబొమలు పైకి లాక్కుపోయాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికేనో కాదో నాకు తెలీదు. లేచి పరిగెత్తుకుంటూ మధ్యకి వెళ్లింది. కాలికి వెళ్లింది, దొరకలేదు. రెండో కాలికి వెళ్లింది, దొరకలేదు. బందరు అమ్మాయి గీత దాకా వెళ్లిపోయి ఇక వెళ్లడానికి చోటు లేక నిలబడిపోయినప్పుడు నడుం దొరికింది. ఎత్తి కింద వేసి, ఛాతీ ఆనించి, రెండు భుజాలూ మ్యాట్‌కి తాకేదాకా వదల్లేదు. గెలుపు ఖాయమని రిఫరీ మ్యాట్ మీద అరచేత్తో కొట్టాడు.

అందరూ దాన్ని భుజాల మీదికెత్తుకున్నారు. నేను తువ్వాలు మడతపెట్టాను. గొడవ సద్దుమణిగాక పీడీ గారు, "మొదట ఆ జడలు ఎవరు వేశారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అది నీళ్ల సీసా దించి, "నేనే వేసుకున్నాను సార్, తొందరలో సరిగ్గా కుదర్లేదు" అంది. నా వైపు చూడను కూడా లేదు. ఆ మరుసటి వారం బెంజి సర్కిల్ దగ్గర ఒక పార్లర్‌కి వెళ్లి జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. నానమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. దాంతో కాదు, నాతో. చిన్నది ఇంకెప్పుడూ నా మోకాళ్ల మధ్య కూర్చోలేదు. నేనూ డిగ్రీ అయ్యాక మ్యాట్ ఎక్కలేదు. అలా జుట్టు తీయించుకోవడం నాకు వేసిన శిక్ష అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. పెళ్లిళ్లలో, పురుళ్లలో, పక్కపక్కన కూర్చుని కూరలు తరిగినప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఆ గురువారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు దానికి ఫోను చేశాను. వీడియో గురించి రెండు ముక్కలు పొగిడి, "ఒసేయ్, బందరు వాళ్లతో పోటీ రోజు నేను నీ జడలు..." అన్నాను.

"వదులుగా వేశావు. తెలుసక్కా" అంది. వెనక ఏదో కుక్కర్ కూత వినిపిస్తోంది.

"ఊడిపోయాక తెలిసిందా?"

"వేస్తున్నప్పుడే తెలిసింది. రోజూ వేయించుకునేదాన్ని, ఆమాత్రం తెలీదా?"

"అందుకేనా జుట్టు తీయించేశావు?"

"అబ్బే, దానికేం సంబంధం? తల ఆరడానికి పూట పట్టేది. విసుగొచ్చి తీయించా. నువ్వేమనుకున్నావు ఇన్నాళ్లూ?"

నేను మాట మార్చేశాను. "తెలిసీ అలాగే మ్యాట్ మీదికి ఎందుకెళ్లావే? మళ్లీ వెయ్యమని అడగొచ్చు కదా?" అన్నాను.

"అడిగితే నువ్వు సిగ్గుపడతావు కదక్కా. ఊడేలోపు గెలిచేద్దామనుకున్నా."

ఫోను పెట్టేశాక మధ్యాహ్నం దింపించిన కట్టలు ఒక్కొక్కటే అరల్లోకి ఎత్తాను. పశ్చాత్తాపం వస్తుందనుకున్నాను, వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు వచ్చింది మళ్లీ కుళ్లే. ఊడేలోపు గెలిచేద్దామనుకుందట. నేను చేసిన తప్పుని ఆ పిల్ల ఆరు నిమిషాల్లో పట్టి, పడేసి, లేచి వెళ్లిపోయింది. నేను మాత్రం ఎవరో ముందుకొస్తారని ఇరవై నాలుగేళ్లు ఒకేచోట నిలబడిపోయాను.