మువ్వల వెంట లోయలోకి

పిల్లల కాలి మువ్వల చప్పుడు పార్కు కంచె దాటి వాగు వైపు దిగిపోతోందని చెవికి తెలిసిన క్షణమే నా గుండె జారింది. ఆ వెనకే నా పరువు కూడా అదే వాలులో జారింది. అదెలాగో వినండి.

భద్రాచలం దారిలో, కొండల నడుమ లోయలో ఉన్న అటవీ పార్కు అది. ఎలుగుబంట్లు తిరుగుతాయన్న బోర్డు చూడగానే ఏడేళ్ల చిన్నికి, ఐదేళ్ల కిట్టుకు కాళ్లకు మువ్వలు కట్టేశాను. ముందుచూపు కదా, ఇంటి నుంచే తెచ్చాను.

“ఏంది లతా, అడవికొచ్చినమా, కోలాటానికొచ్చినమా?” అన్నాడు మా ఆయన.

“చప్పుడుంటే ఎలుగు రాదు. పిల్లలు యాడున్నరో నాకు తెలుస్తది. మీరు జర నిమ్మళంగుండుండ్రి.”

ఎలుగు సంగతేమో కానీ ఆ చప్పుడుకు చుక్కల దుప్పులు, నెమళ్లు ఒక్కటీ మిగల్లేదు. కెమెరాలు పట్టుకున్నవాళ్లు నన్ను పెళ్లిలో ఉప్పు లేని పప్పును చూసినట్టు చూశారు. నేను లెక్కచెయ్యలేదు.

మా ఆయన నీళ్ల సీసాలకు వెళ్లాడు. నేను పులిహోర డబ్బా తెరిచాను. తలెత్తేసరికి పిల్లలు లేరు, మువ్వల చప్పుడు కంచె అవతల కదులుతోంది. పరుగెత్తాను. టేకాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. గుప్పున ఇప్పపూల వాసన. జువాలజీ చదివిన పాపానికి, ఎలుగుకు ఇప్పపూలంటే ప్రాణమని అప్పుడే గుర్తుకు రావాలా? “చిన్నీ, కిట్టూ” అని అరిచిన అరుపులకు కొండముచ్చులు కొమ్మలు మారాయి.

వాగు ఒడ్డున మువ్వలు దొరికాయి. ఒక బర్రెదూడ మెడలో.

“ఏందమ్మా, నా దూడెంట పడ్డవ్?” అంది కాపలా ఉన్న ముసలామె.

“మా పిల్లలనుకున్న.”

ఆమె దూడను చూసింది, నన్ను చూసింది, దూడను తన వెనక్కి లాక్కుంది. తాటిచెట్టు ఎక్కినవాడికి దూడగడ్డి సాకైనా ఉంది, నాకు దూడే మిగిలింది.

అంతలో లోయంతా మైకు మోగింది. ఎవరో అడుగుతున్నారు: “మీ అమ్మ గుర్తులు చెప్పు పాపా.”

“పచ్చ డ్రెస్ అంకుల్. తప్పిపోయింది.” మా చిన్ని గొంతే.

“ఇంకేమన్నా?”

“జర ఆగుండ్రి. అరుస్తది, ఇనిపిస్తది.”

గేటు దగ్గరికి పరుగెత్తేసరికి పిల్లలిద్దరూ ఐస్‌క్రీం తింటున్నారు. ఇద్దర్నీ తడిమి చూసుకుని అడిగాను, “దూడకెందుకు కట్టిన్రే?”

“కంచెకాడికొచ్చిందమ్మా, అది మా కన్న చిన్నది గదా. ఎలుగు తింటదని,” అన్నాడు కిట్టు.

మర్నాడు పొద్దున ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, పాలగ్లాసు మీద చెయ్యి వేసి ప్రమాణపూర్వకంగా చెప్పాను: “ఇగ అడవికి పోతే మీ చెయ్యి ఇడిచి యాడికీ పోను.”